థాయ్‌లాండ్‌లో విశ్రాంత జీవితం
విశ్రాంత జీవితానికి థాయ్‌లాండ్‌ వెళ్లే విదేశీయులకు 50 ఏళ్లు నిండి ఉండాలి. ఏడాది పాటు ఉండే అనుమతి కోసం సాధారణంగా అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు గానీ, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గానీ చూపాలి. ప్రతి 90 రోజులకూ వలస అధికారులకు చిరునామా తెలపాలి.

అక్కడి చియాంగ్ మాయ్ నగరంలో చలికాలం హాయిగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం పొలాలు, అడవులు తగలబడిన పొగ ఊరిని కమ్మేస్తుంది. ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఆ నెలల్లో వేరేచోట ఉండడమే మేలు.

ఆ దేశంలో దొంగల కంటే రోడ్డుకే ఎక్కువ భయపడాలి. ప్రాణాలు పోయేది ఎక్కువగా మోటార్‌సైకిళ్ల మీదే. తగిన లైసెన్సు లేకుండా నడిపితే బీమా సొమ్ము రాకపోవచ్చు. ఆసుపత్రి ఖర్చంతా కుటుంబం మీద పడుతుంది. ఆ వయసులో కొత్తగా బండి నేర్చుకోవడం వద్దే వద్దు.

అంబులెన్సుకు 1669, పోలీసులకు 191, పర్యాటక పోలీసులకు 1155 నంబర్లకు ఫోన్ చేయాలి.