పిల్లల వార్డులో విద్యార్థి తోడు

ఆస్పత్రిలో చేరిన పిల్లవాడిని జబ్బుతో పాటు మరికొన్ని బాధలు పట్టుకుంటాయి. ఇల్లు ఉండదు, బడి ఉండదు, ఆటకు జతగాళ్లు ఉండరు. ముక్కూ మొహం తెలియని మనుషులు వచ్చి చేయి పట్టుకుంటారు. ఎప్పుడు సూది గుచ్చుతారో తెలియదు. ఇంట్లో అల్లరి చేసినప్పుడల్లా సూది వేయిస్తామని పెద్దవాళ్లు బెదిరించి ఉంటారు. అందుకే తమ తప్పుకే ఈ శిక్ష పడిందని నాలుగైదేళ్ల పిల్లలు నిజంగానే నమ్ముతారు. జబ్బు మందులతో తగ్గుతుంది. ఈ భయం, బెంగ, విసుగు తగ్గాలంటే పక్కన మనిషి ఉండాలి. కొద్దిపాటి శిక్షణతో అలా పక్కన కూర్చోగలవారిలో కాలేజీ విద్యార్థులు ముందు వరసలో ఉంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలల నుంచి పట్టాలు అందుకుంటున్నవారి ముందు ఈ స్నాతకోత్సవ వేళ ఉంచదగిన విషయం ఇది.

పిల్లల బెంగను వైద్యలోకం పట్టించుకోవడం మొదలై ఎంతో కాలం కాలేదు. గత శతాబ్దం మధ్య వరకు బ్రిటన్‌లోని చాలా ఆస్పత్రులు తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలకు మించి వార్డులోకి రానిచ్చేవి కావు. తల్లి వస్తే పిల్లవాడు ఏడుస్తాడు, రాకపోతే ఊరుకుంటాడు, కాబట్టి రాకపోవడమే మేలని అప్పటి సిబ్బంది లెక్క. పరిశోధకుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో తీసిన చిత్రం ఆ లెక్కను తప్పని తేల్చింది. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండేళ్ల పాపను అందులో చూపించాడు. ముందు ఏడుపు, తర్వాత దిగులు, ఆ తర్వాత తల్లి వచ్చినా ముఖం తిప్పుకోవడం, ఈ వరసను ఆయన, మనోవైద్యుడు జాన్ బౌల్బీ కలిసి వివరించారు. ఊరుకున్న పిల్లలందరూ కుదుటపడినట్టు కాదని వైద్యులకు అప్పుడు అర్థమైంది. 1959లో హ్యారీ ప్లాట్ అధ్యక్షతన వెలువడిన నివేదిక తల్లిదండ్రుల రాకపోకలకు అడ్డు తీసేయాలని, వార్డులో ఆటకు, చదువుకు చోటివ్వాలని సిఫారసు చేసింది. అమెరికాలో ఎమ్మా ప్లాంక్ 1955లోనే క్లీవ్‌లాండ్ ఆస్పత్రిలో పిల్లల కోసం ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. 1986లో న్యూయార్క్ సర్కస్ కళాకారుడు మైకేల్ క్రిస్టెన్సెన్ విదూషకులను పిల్లల వార్డులకు తీసుకెళ్లాడు. మన దేశంలో 2016 నుంచి ఢిల్లీ ఆస్పత్రుల్లో క్లౌన్‌సెలర్స్ బృందం ఆ పని చేస్తోంది. పిల్లలకు ఆట హక్కు అని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో ఆమోదించింది. ఆస్పత్రిలో చేరినంత మాత్రాన ఆ హక్కు పోదు.

తెలుగు నేల మీద పిల్లల వైద్యం అంటే ముందు గుర్తొచ్చే పేరు హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆస్పత్రి. తన పరిచారిక కాన్పులో చనిపోవడంతో చలించిన రాకుమారి నీలోఫర్ పేరు మీద అది 1953లో ప్రారంభమైంది. 1955లో మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే పాలియేటివ్ సేవలు పిల్లలకూ అందుతున్నాయి. 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. జిల్లాల నుంచి పెద్ద జబ్బులతో వచ్చే పిల్లలకు ఇవే దిక్కు. రక్త క్యాన్సర్ సోకిన బిడ్డకు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. తలసీమియా పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. నెఫ్రోటిక్ అనే కిడ్నీ జబ్బున్న పిల్లలు ఒంటికి నీరు వచ్చినప్పుడల్లా ఆస్పత్రికి తిరిగొస్తారు. వీళ్ల బాల్యంలో కొంత భాగం మంచాల మీద, బస్సుల్లో గడిచిపోతుంది.

ఈ మూడు పట్టణాల పరిస్థితి మహానగరం కన్నా వేరు. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాలువ కింద రైసు మిల్లుల ఊరు. సూర్యాపేట 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. 2019లో అక్కడ, నల్లగొండలో 150 సీట్ల చొప్పున ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అంతకుముందు హైదరాబాద్‌కో ఖమ్మానికో పరుగెత్తిన కేసుల్లో కొన్నింటికి ఇప్పుడు దగ్గరలోనే వైద్యం దొరుకుతోంది. వానాకాలంలో డెంగీ, విరేచనాలు, నిమోనియా, వాటితో పాటు రోడ్డు ప్రమాదాలు, పాముకాట్లు పిల్లల వార్డులను నింపుతాయి. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే లంబాడా తల్లులున్నారు, మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో పని కోసం బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. అక్కడ లంబాడా భాష గానీ హిందీ గానీ వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి ఉంటే సిస్టర్‌కు, తల్లికి, పిల్లవాడికి ముగ్గురికీ పని తేలికవుతుంది. తండా నుంచి వచ్చి చదువుకున్న విద్యార్థికి ఇంటి భాషే ఇక్కడ పనికొచ్చే చదువు.

ఈ సేవకు కొత్త వ్యవస్థ కట్టాల్సిన అవసరం లేదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైన జాతీయ సేవా పథకం కాలేజీల్లో ఉంది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. వారానికి రెండు గంటల చొప్పున నలభై వారాలు పిల్లల వార్డుకు కేటాయిస్తే 80 గంటలు. మిగతా గంటల్లో శిక్షణ, సమావేశాలు, రక్తదాన శిబిరాలు ఇమిడిపోతాయి. ఈ ప్రాంత డిగ్రీ కళాశాలలు 2007లో ఏర్పడిన నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి కాబట్టి మూడు పట్టణాలకూ ఒకే పద్ధతి పెట్టుకోవచ్చు. వైద్య విద్యార్థులకు మరో వెసులుబాటు ఉంది. సూర్యాపేట కళాశాల మొదలైన 2019లోనే ఎంబీబీఎస్‌కు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. పునాది కోర్సుతో పాటు వైఖరి, నైతికత, సంభాషణ అనే పాఠాలు అందులో తప్పనిసరి. రోగితో మాట్లాడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని ఒప్పుకున్న ప్రణాళికతో చదివిన మొదటి తరం ఇది.

పని ఏమిటన్నది పిల్లల వయసు నిర్ణయిస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు తల్లే లోకం. వారి విషయంలో విద్యార్థి చేయగలిగింది తల్లిని వార్డులోనే ఉండనివ్వడం: రక్త పరీక్ష కాగితం తేవడం, మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడటం, ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఆరోగ్య మిత్ర ఎక్కడుంటారో చూపించడం. నాలుగు నుంచి ఆరేళ్ల వారికి ఆటే మాట. సిస్టర్ ఇచ్చిన, సూది లేని కొత్త సిరంజితో బొమ్మకు ఇంజెక్షన్ ఇవ్వమంటే పిల్లలు తమకు జరిగిందంతా బొమ్మకు చేసి చూపిస్తారు. ఎక్కడ నొప్పి పుట్టిందో, ఎవరిని చూస్తే భయమో ఆ ఆటలోనే బయటపడుతుంది. ఏడు నుంచి పదేళ్ల వారికి తర్వాత ఏం జరుగుతుందో తెలియాలి. అష్టాచెమ్మా, పొడుపు కథలు, బడి పుస్తకాలు వీరి మంచం దగ్గరకు రావాలి. పదిహేను రోజులు బడి మానిన పిల్లకు తప్పిపోయిన లెక్కల పాఠం చెప్పడం కూడా ఊరటే, ఎందుకంటే తిరిగి బడికి వెళ్తానన్న నమ్మకం దానితో వస్తుంది. పై వయసు వారు తమ ఒంటి గురించి నలుగురిలో మాట్లాడితే సిగ్గుపడతారు. వారికి సలహాలు తక్కువ, వినే చెవి ఎక్కువ కావాలి.

వీటన్నిటిలో కష్టమైన ఘడియ సూది గుచ్చేటప్పుడు. 1965లో శాస్త్రవేత్తలు రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో, వెన్నుపాములో, ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉంది. భయం, ధ్యాస ఆ కబురును ఎక్కువ తక్కువ చేస్తాయి. ధ్యాస మళ్లించడం నొప్పిని తగ్గిస్తుందని చెప్పే వైద్య పరిశోధనలూ ఉన్నాయి. దీనికి మన దగ్గర సిద్ధంగా ఉన్న మందు ఏడు చేపల కథ. బిడ్డను మంచం మీద అదిమి పట్టకుండా తల్లి ఒళ్లో కూర్చోబెడతారు. సిస్టర్ ఒక చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే, విద్యార్థి రెండో చేతి వైపు, ముఖం కనిపించేలా కూర్చుంటాడు. చేప ఎందుకు ఎండలేదని అడుగుతాడు. జవాబు పిల్లవాడికి తెలుసు. గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, ఒక్కో జవాబూ ఇంకో ప్రశ్నకు లాక్కుపోతుంది. కథ చీమ దగ్గరకు చేరేలోగా కాన్యులా లోపలికి వెళ్లి, ప్లాస్టర్ అంటించి, చేయి కదలకుండా అట్టముక్క కట్టడం కూడా అయిపోవచ్చు. ప్రతిసారీ ఇలా జరగదు. ఏడ్చే పిల్లవాడిని ఏడవనివ్వాలి. నొప్పే ఉండదని మాత్రం అబద్ధం చెప్పకూడదు. చీమ కుట్టినంత నొప్పి ఉంటుంది, కాసేపట్లో పోతుంది అని నిజం చెబితే రెండోసారి ఆ మనిషి మాటకు విలువ ఉంటుంది.

మంచి మనసు ఉంటే చాలదు, నియమాలూ కావాలి. ఆస్పత్రి సూపరింటెండెంట్ అనుమతి, పిల్లల వైద్య విభాగం సమ్మతి, వార్డు సిస్టర్‌కు ముందే తెలిపిన పేర్ల జాబితా లేనిదే ఎవరూ లోపలికి వెళ్లకూడదు. జ్వరం, దగ్గు, ఒంటి మీద పొక్కులు ఉన్న విద్యార్థి ఆ వారం మానుకోవాలి. 1847లో వియన్నాలో వైద్యుడు సెమ్మెల్‌వైస్ చేతులు కడుక్కోమన్న కారణం నేటికీ అదే: ఒక మంచం నుంచి ఇంకో మంచానికి జబ్బును మోసేవి చేతులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. బొమ్మలు కడగడానికి వీలైన ప్లాస్టిక్‌వి కావాలి. దూది బొమ్మలు క్రిములకు నిలయం. మూడేళ్లలోపు పిల్లల దగ్గర చిన్న ముక్కలు, బెలూన్లు ఉంటే గొంతులో ఇరుక్కునే ప్రమాదం. ఆపరేషన్‌కు ముందున్న పిల్లవాడికి చాక్లెట్ ఇవ్వడం ముప్పు. ఒంటికి నీరు వచ్చిన వాడికి ఉప్పు చిప్స్, షుగర్ ఉన్న పిల్లకు స్వీట్లు కూడా పనికిరావు. అందుకే సిస్టర్‌ను అడగకుండా తినే వస్తువేదీ చేతిలో పెట్టకూడదు. విద్యార్థులు ఇద్దరిద్దరుగా, తల్లికో సిస్టర్‌కో కనిపించే చోటే ఉండాలి. జబ్బు వివరాలు బయట చెప్పకూడదు, వైద్య సలహా ఇవ్వకూడదు, డబ్బు ఇచ్చిపుచ్చుకోకూడదు, ఫోటో తీయకూడదు.

ఫోటో మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నాయకుల పుట్టినరోజుకు ఆస్పత్రిలో పండ్లు, రొట్టెలు పంచడం మన పట్టణాల్లో ఏళ్లుగా ఉన్న ఆనవాయితీ. పదిమంది ఒక మంచం చుట్టూ నిలబడి ఒక అరటిపండు అందిస్తుంటే తీసిన ఫోటో మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. పండు ఆకలి తీర్చిన మాట నిజమే. కానీ ఆ పిల్లవాడి పేరు ఆ పదిమందిలో ఎవరికీ తెలియదు, మళ్లీ వాళ్లు రారు. పిల్లలకు ఊరటనిచ్చేది తెలిసిన ముఖం. ప్రతి మంగళవారం నాలుగు గంటలకు వచ్చే అక్క, అన్న ఉన్నారని తెలిస్తే వాళ్లు ఆ గంట కోసం ఎదురుచూస్తారు. నెలకోసారి రక్తం ఎక్కించుకునే బిడ్డకు ఇది మరీ అవసరం. వస్తానని చెప్పి రాకపోవడం మొదటే రాకపోవడం కన్నా చెడ్డది. కాబట్టి నలభై మంది ఒక్కరోజు వెళ్లడం కన్నా నలుగురు నలభై వారాలు వెళ్లడం మేలు.

ఈ పని చేసేవారి మనసునూ చూసుకోవాలి. ఆడించిన బిడ్డ మంచం ఒక వారం ఖాళీగా కనిపించవచ్చు. ఇంటికి వెళ్లిందో, హైదరాబాద్ పంపారో, చనిపోయిందో తెలుసుకుని, ఆ మాట అధ్యాపకుడి సమక్షంలో నలుగురూ కూర్చుని చెప్పుకోవాలి. కేరళ ఈ విషయంలో దారి చూపింది. 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సంఘం నుంచి ఊరూరా వలంటీర్ల వ్యవస్థ పెరిగింది, కళాశాలల్లో విద్యార్థి విభాగాలు ఏర్పడ్డాయి, 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం పాలియేటివ్ విధానాన్నే ప్రకటించింది. అక్కడ వలంటీరుకు ముందు శిక్షణ ఇస్తారు, తర్వాతే రోగి దగ్గరకు పంపుతారు. ఆ క్రమం మన కళాశాలలకూ సరిపోతుంది.

పట్టభద్రుల బాధ్యత ఇక్కడ రెండు రకాలు. చదివిన ఊళ్లోనే ఉండిపోయేవారు వారానికి రెండు గంటలు వార్డుకు ఇవ్వవచ్చు. ఉద్యోగానికో పై చదువుకో వెళ్లేవారు తాము నేర్చుకున్న నియమాలను, తమ వంతు వచ్చే వారాన్ని, సిస్టర్ పరిచయాన్ని ఒక జూనియర్‌కు అప్పగించి వెళ్లాలి. విద్యార్థి సేవలు ఎక్కువగా ఆగిపోయేది మొదలుపెట్టిన బ్యాచ్ పట్టాలు తీసుకున్న నెలలోనే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో వచ్చే వానాకాలానికి మళ్లీ మంచాలు నిండుతాయి. అప్పటికి పేర్ల జాబితా సూపరింటెండెంట్ బల్ల మీద ఉండేలా చూడటం ఈ ఏటి పట్టభద్రుల పని.