ఋణసంస్థల లెక్కలు - మన బాధ్యత



వెనుకబడిన తరగతులవారికి స్వల్పవడ్డీకి ఋణము లొసగుటకై కేంద్రప్రభుత్వము 1992 జనవరి 13 వ తేదీన జాతీయ వెనుకబడిన తరగతుల ఆర్థికాభివృద్ధి సంస్థను నెలకొల్పినది. ఆ సొమ్ము ఢిల్లీనుండి రాష్ట్రసంస్థల ద్వారా మనవారికి చేరుచున్నది. ఇది అందఱెఱిగినదే. ఆ వ్యయమును విచారించువా రెవ్వరను ప్రశ్న మాత్రము మన సభలలో వినబడుట లేదు.

2013 కంపెనీల చట్టము ననుసరించి ఇట్టి సంస్థకు ఆడిటరును నియమించువారు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరలు, సంస్థవారు కారు. ఆడిటరు నివేదిక అందిన 60 దినములలో ఆయన అనుబంధ తనిఖీ గావింపవచ్చును. ఆయన వ్యాఖ్యలతో వార్షికనివేదిక పార్లమెంటు ఉభయసభల ముం దుంచబడవలెను. ఏర్పాటు చక్కనిదే. కాని ఆడిటరు ముఖ్యముగ చూచునది లెక్కల పుస్తకము. పాడిగేదెకై మంజూరైన ఋణములో ఎంత గేదెగా మాఱినదో, ఎంత దారిలో జాఱినదో తెలిసినది ఊరివారికే. కల్యాణమంటపముల చందాలయందు మనము చూపు శ్రద్ధలో నాలవవంతైనను (పెద్దలు క్షమింతురు గాక!) ఆ నివేదికలయందు చూపలేదు.

కావున ప్రతి జిల్లాశాఖయు లెక్క తెలిసిన యిద్దఱిని నియమించి, 2005 సమాచారహక్కు చట్టము క్రింద ఋణగ్రహీతల పట్టికను కోరి, గ్రామములలో సరిచూడవలెనని ప్రార్థించుచున్నాము. మన కార్యవర్గమువారి సిఫారసుపై మంజూరైన ఋణములనే ముందుగ చూడుడు.