నారు బతికితేనే కూర

(వార్షిక సమావేశంలో మహిళా సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉద్యోగాల గురించి పెద్దలు చాలా మంచి మాటలు చెప్పారు. మేము చెప్పబోయేది చిన్న విషయం. వంటింటి వెనకాల జానెడు జాగాలో వంగ, టమాటా, మిరప నారు పోసి బతికించుకోవడం ఎట్లా అన్నది. విషయం చిన్నదే గాని, రోజు కూలి మీద నడిచే ఇళ్లలో కూరల ఖర్చు చిన్నది కాదు కదా!

విత్తనం మొలిపించడం పెద్ద కష్టం కాదు. మొలిచిన తర్వాతనే అసలు పరీక్ష. నిన్న పచ్చగా నిలబడ్డ మొక్కలు ఇవాళ పొద్దున మొదలు మెత్తబడి నేలకు వాలిపోతాయి. "దిష్టి తగిలింది" అంటారు కొందరు. దిష్టి కాదండీ, అది నారుకుళ్లు తెగులు. మట్టిలోని శిలీంధ్రం వల్ల వస్తుంది. దాన్ని పెంచి పోషించేది చాలావరకు మన చేతిలోని చెంబే! ప్రేమకొద్దీ పొద్దున, సాయంత్రం నీళ్లు గుమ్మరిస్తాం. నారు ఎండకన్నా ఈ ప్రేమకే ఎక్కువగా పోతుంది.

కనుక నారుమడి అర అడుగు ఎత్తుగా ఉండాలి. డబ్బాలో పోస్తే అడుగున చిల్లులు పెట్టాలి. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలుపుకోవాలి. విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి పొడి పట్టించడం మంచిది. కిలోకు 4 గ్రాములు లెక్క, మన పొట్లానికి చిటికెడు చాలు. ఒత్తుగా చల్లకుండా, అర సెంటీమీటరు లోతున వరుసల్లో వేయాలి. పైన కప్పిన గడ్డిని మొలక కనపడగానే తీసేయాలి. నీళ్లు పొద్దున పూట, పైమట్టి ఆరితేనే పోయాలి. అయినా తెగులు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. ఆ మందు పిల్లల చేతికి అందకుండా దాచాలి.

టమాటా నారు 25-30 రోజులకు, వంగ 30-35 రోజులకు, మిరప 35-40 రోజులకు నాటడానికి వస్తుంది. నీడపట్టున పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే తట్టుకోలేదు. వారం ముందునుంచే నీళ్లు తగ్గిస్తూ, రోజుకు కాసేపు ఎక్కువగా ఎండ చూపించాలి. పీకే ముందు మాత్రం మడి బాగా తడపాలి, లేకుంటే వేళ్లు తెగుతాయి. నాటేది సాయంత్రమే. మూడు నాలుగు రోజులు పగటిపూట మోదుగాకు దొప్పో, కొబ్బరి మట్టో నీడగా ఉంచి, పొద్దుగూకగానే తీసేయాలి.

ఇక శత్రువుల సంగతి. కోళ్లకు, మేకలకు ముళ్లకంపే మందు. రాత్రిళ్లు మొదలు కొరికే పురుగుకు, మొక్క చుట్టూ మందపాటి కాగితం చుట్టి అంగుళం మేర మట్టిలో దిగేయాలి. టమాటాలో ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది. ముడత వచ్చిన మొక్కకు మందు లేదు, పీకేయాల్సిందే. అందుకే మొలక దశనుంచే నారు మీద పల్చని పాత దుపట్టా పందిరిలా కట్టాలి. దోమతెర కళ్లలోంచి తెల్లదోమ దూరిపోతుంది.

చివరిగా ఒక్క మనవి. ఒక గ్రాము టమాటా విత్తనంలో సుమారు 300 గింజలుంటాయి. ఒక ఇంటికి పది మొక్కలు చాలు. మరి ఇంటింటికీ ఒక పొట్లం ఎందుకు? వీధికొక ఇంట్లో నారు పోసి, మిగతావాళ్లు వంతులవారీగా కాపలా చూసుకుంటే సరిపోతుంది. నారు పంచేటప్పుడు మొదటి పది మొక్కలు సంపాదించే మనిషి లేని ఇంటికి వెళ్లాలి. పెరడు లేకపోతే పాత బకెట్టులో మట్టి నింపి, నాటి మరీ ఇచ్చి వద్దాం. ఒక రోజు కూర ఇస్తే ఆ పూటకే సరి. మొక్క ఇస్తే కొన్ని నెలలు ఆ ఇంటి పొయ్యి మీద కూర ఉడుకుతుంది.

వచ్చే తొలకరికి మీ మీ వీధుల్లో ఈ పని మొదలుపెడతారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాము.