వార్తకు వేఱొక త్రోవ



మా బొబ్బిలివారికి 1757 జనవరి 24వ తేదీని ప్రత్యేకముగ జ్ఞాపకము చేయనక్కఱలేదు. ఆనాడు బుస్సీ దొర సేనలును, విజయనగరము సేనలును కోటను చుట్టుముట్టినవి. తాండ్ర పాపారాయుడు రాజాములో నుండెను. అతనికి వార్త అందునప్పటికి కోటలో సర్వమును ముగిసిపోయెనని పెద్దలు చెప్పుదురు. నేను బడిలో నీ కథ చెప్పినపుడెల్ల పిల్లలు, "వార్త పోవుటకు వేఱొక త్రోవ లేదా, మాష్టారూ?" అని యడుగుచుండెడివారు. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నను గూర్చియే.

ఇప్పుడు వార్త ఇంటర్నెట్టు మీద నడచుచున్నది. మీ మనుమడు పొరుగింటివానికి పంపిన మాటయైనను సాధారణముగ నెచటనో దూరమున నున్న యొక పెద్ద సంస్థవారి యంత్రశాలకు పోయి తిరిగి వచ్చును. ఎవరు ఎవరితో మాటలాడిరో ఆ సంస్థకు తెలియును. ప్రభుత్వమువారు ఆ యొక్క వాకిలి మూసినచో నందఱి మాటయు నిలిచిపోవును.

దీనికి విరుగుడుగా పీర్-టు-పీర్ అను పద్ధతి యేర్పడినది. ఇందు ఇల్లు ఇంటితో నేరుగ మాటలాడును. ఇంటర్నెట్టును చూచుటకు మనము తెఱచు కిటికీవంటిది బ్రౌజరు. దానికే యీ శక్తి నొసగు వెబ్‌ఆర్‌టీసీ యను పద్ధతి 2021లో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఆ యేడే టార్ అను సంస్థవారి బ్రౌజరులో 'స్నోఫ్లేక్', అనగా మంచురేకు, అను సాధనము చేరినది. నిషేధము లేని దేశమున నున్న గృహస్థు తన బ్రౌజరులో దీని నుంచుకొనినచో, నిషేధము గల దేశమువాని సందేశము అతని యింటిమీదుగ వెడలిపోవును. అది లక్కముద్ర వేసిన యుత్తరమువంటిది. మోయువాడు దానిని చదువలేడు. ఒక బ్రౌజరు మూతపడినచో మఱియొకటి యందుకొనును. 2022లో ఇరానులో అలజడి పుట్టి ప్రభుత్వము కట్టడి చేసినపుడు పెక్కుమంది దీని నాశ్రయించిరి.

అయినను లోపములు చెప్పకుండుట ధర్మము కాదు. ఇరువురిని మొదట కలుపుటకు మధ్యవర్తి యొకడు కావలెను, వానిని అడ్డగింపవచ్చును. నేరుగ మాటలాడువారికి ఒకరి యంత్రపు చిరునామా మఱియొకరికి తెలియవచ్చును. అన్నిటికన్న ముఖ్యము, ఇంటర్నెట్టే నిలిచినచో నీ త్రోవయు లేదు. 2022 మే 24న అమలాపురములో అల్లరులు జరిగిన పిమ్మట కోనసీమలో కొన్ని దినములు ఇంటర్నెట్టును నిలిపివేసిరి. అట్టి వేళ మంచురేకు కూడ నిరుపయోగమే.

"ఈ మఱుగు దుర్మార్గునకును పనికివచ్చును గదా" యని మీ రనవచ్చును. నిజమే, వదంతులు ఇండ్లు కాల్చును. కాని కవరు అంటించినవారందఱును దొంగలు కారు. అపరాధిని పట్టుకొనుట వేఱు, ఊరందఱి త్రోవ మూయుట వేఱు. మన సుప్రీము కోర్టువారు 2020 జనవరి 10న కాశ్మీరు వ్యవహారమున, ఇంటర్నెట్టును నిరవధికముగ నాపరాదనియు, ఆపు నుత్తర్వును ప్రకటింపవలెననియు తీర్పు చెప్పిరి.

కావున పెద్దలారా! మీ యూర త్రోవ మూసిననాడు, "ఉత్తర్వేది? ఎన్ని దినములు?" అని మర్యాదగ నడుగుడు. యంత్రము చేయలేని యీ పని గ్రామపెద్ద చేయవచ్చును. రాజాము చేరని వార్తను మనము తిరిగి పంపలేము. ఇకముందు పోవలసిన వార్తకు త్రోవ నిలుపుకొనుట మన చేతిలోనే యున్నది.

సెలవు.