అంబులెన్సు వచ్చేలోగా

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం పంతులును. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ. తెలుగు బజారులో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించగలరు. ఈ మాట మర్యాదకు చెప్పడం లేదు, నేటి నా విషయానికీ దానికీ సంబంధముంది.

కొన్నేండ్ల క్రిందట మా పేటలో ఒక పెద్దాయనకు తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో ఆయన భార్య, కోడలు మాత్రమే. కోడలు 108కి ఫోను చేసింది. "ఎక్కడమ్మా, ఏ వీధి, దగ్గర్లో ఏముంది?" అని అవతల తెలుగులో అడిగితే ఆ పిల్లకు నోరు పెగల్లేదు. "మస్జిద్ కే పీఛే" అంటుంది. ఏ మసీదు? మన పేటలో ఒకటా రెండా! బండి వచ్చింది గానీ పక్క వీధుల్లో తిరిగింది. ఒకడు పరుగెత్తి పిలుచుకొచ్చేలోగా ఆయన ఊపిరి ఆగింది. చుట్టూ పదిమందిమి ఉన్నాం. ఒకరు నోట్లో నీళ్లు పోసినారు, ఒకరు అరికాళ్లు రుద్దినారు, నేను విసనకర్రతో విసిరినాను. పదిహేనేండ్లుగా పాఠాలు చెప్తున్నవాణ్ణి, నాకు తెలిసింది అంతే!

ఆ తర్వాత నేర్చుకున్నాను. పిలిస్తే పలకక, ఊపిరి మామూలుగా ఆడకపోతే, ముందు 108కి చెప్పి, మనిషిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ నడుమ ఒక అరచేయి, దానిపై రెండోది పెట్టి, మోచేతులు వంచకుండా రెండంగుళాలు దిగేలా నొక్కి వదలాలి. నిమిషానికి 100 నుండి 120 సార్లు. నోటితో ఊపిరి ఊదడం రాకున్నా ఫర్వాలేదు, నొక్కడం ఆపకూడదు. అలసిపోతే పక్కవాడు అందుకోవాలి. ఎముక విరుగుతుందేమో అంటారు. విరిగిన ఎముక అతుక్కుంటుందండీ. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం చుక్క నీరు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆడమనిషి పడిపోతే మగవాళ్లం సంకోచంతో దూరంగా నిలబడతాం. ప్రాణం పోయే వేళ ఆ సంకోచానికి చోటు లేదని నా అభిప్రాయం. అయినా ఆ చర్చే రాకుండా మన ఆడపిల్లలు దీన్ని నేర్చుకోవాలి. పగలంతా ఇంట్లో ఉండేది వాళ్లే కదా.

మన జిల్లాల్లో ఇంకో ముప్పు పాము. చెనిక్కాయ చేలలో పింజర్లు, రాత్రి నేలమీద పడుకున్నవారికి కట్లపాము. కట్లపాము కాటు గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలడం. మనవాళ్లు తాడు బిగిస్తారు, బ్లేడుతో కోస్తారు, పసరుకో తాయెత్తుకో పోతారు. ఇవేవీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కరిచిన కాలో చేయో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా తీసుకుపోవాలి. ఆస్పత్రిలో రక్తం గాజు గొట్టంలో పోసి, గడ్డ కడుతుందా లేదా అని 20 నిమిషాలు చూస్తారు. కట్టకపోతే విషం ఎక్కినట్టు. విరుగుడు సూది ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. తిరుపతిలో రుయా, చిత్తూరులో జిల్లా ఆస్పత్రి ఉండగా, కొందరు నేరుగా వేలూరుకు పరుగెత్తుతారు. సూది ఉన్న ఆస్పత్రిని దాటిపోవద్దని నా మనవి.

మూర్ఛ వచ్చిన పిల్లవాడి చేతిలో తాళాలు పెట్టిన పాపం నేనూ చేసినాను. ఇనుముతో ఏమీ కాదు. పళ్ల మధ్య చెంచా పెట్టకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రి.

రోడ్డుమీద దెబ్బ తగిలినవారిని చూసి పోలీసు కేసని తప్పుకోవడం పాత అలవాటు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ, సాయం చేసినవారికి రక్షణ ఇచ్చినాయి. పేరు చెప్పమని బలవంతం లేదు. కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కాఫీపొడి కాఫీకే ఉంచండి.

ఇక 108. ఇది 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. మన ఇంటి గడప దాకా దారి చెప్పాల్సింది మాత్రం మనమే. సందు మొదట్లో ఒక కుర్రవాణ్ణి నిలబెట్టాలి. మా బడిలో ఇప్పుడు ఐదో తరగతి పిల్లలతో ఒక ఆట ఆడిస్తున్నాను. నేను 108 మనిషిని, పిల్లవాడు ఫోను చేయాలి, తెలుగులో. డోరు నంబరు, వీధి, మసీదు పేరు, ఎదురుగా ఏ అంగడి. మొదట్లో నవ్వినారు. ఇప్పుడు వాళ్ల అమ్మలకు వాళ్లే నేర్పుతున్నారు.

మీ ఇంటి చిరునామా తెలుగులో రాసి, అందరికీ కనబడేలా గోడకు అంటించండి. రాయడం రానివారు సభ అయినాక నా దగ్గరికి రండి. కాగితాలు, పెన్నులు తెచ్చినాను.