అంబాసిడరును నేటి కారును



పుస్తకముల పండుగలో మోటారుకార్ల ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. విశాఖపట్నమునుండి అరకులోయకు మనవారెందరో కార్లలో పోవుచున్నారు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటురోడ్డు ఎక్కునపుడు ఎట్టి బండిలో కూర్చుంటిమో తెలిసియుండుట మేలు. పాత బండి ఇనుము, కొత్తది రేకుడబ్బా అను మాట మన అరుగులమీద తరచు వినవచ్చును. దానిని కొంచెము విచారింతము.

అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునుండి పుట్టినది. హిందుస్థాన్ మోటార్సువారు 1950వ దశకము చివరనుండి 2014 వరకు దానిని కలకత్తా చేరువనున్న ఉత్తర్‌పారాలో తయారుచేసిరి. పెట్రోలు అంబాసిడరుతో ఎండకాలమున ఘాటెక్కుట ఒక వ్రతమే. రేడియేటరు మరుగును, నీళ్లడబ్బా లేక డ్రైవరు బయలుదేరడు. వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై పోగా, పంపు దానిని లాగజాలదు. అప్పుడు డ్రైవరు పంపునకు తడిగుడ్డ చుట్టి, దూరముగా పోయి బీడీ ముట్టించును. పంపు చల్లబడగానే బండి కదలును. పాయింట్లు మాడినచో గరుకుకాగితముతో రుద్దుకొనును. ఈపాటి విద్యతోనే ఎన్ని కుటుంబములు అన్నము తిన్నవో!

నేటి కారులో పంపు ట్యాంకులోనే యుండి పెట్రోలును ఒత్తిడితో పంపును. ఎంత చిమ్మవలెనో చిన్న కంప్యూటరు లెక్కగట్టును. తడిగుడ్డతో పనిలేదు. కాని దారిలో ఆగెనా, డ్రైవరు బానెట్టు ఎత్తి చూచి మరల మూయుటయే! దోషమేదో చెప్పుటకే మరొక యంత్రము కావలెను.

ఇక గట్టితనము మాట. బండి ఢీకొన్నపుడు దాని వేగమంతయు ఎక్కడనో ఖర్చు కావలెను. ముందుభాగము నలగనిచో ఆ దెబ్బ లోపలివారికే తగులును. కొత్త కారు ముందుభాగమును నలగుటకే నిర్మింతురు. మనుష్యులు కూర్చుండు గది మాత్రము నిలుచును. తొలినాటి అంబాసిడరులో బెల్టు లేదు. స్టీరింగు ఊచ డ్రైవరు రొమ్మునకెదురుగా ఈటెవలె నుండెడిది. మన దేశమున ముందుసీటు బెల్టులు 1994లోను, డ్రైవరునకు గాలిసంచి 2019లోను గాని తప్పనిసరి కాలేదు. పైగా విశాఖ ఉప్పుగాలికి తుప్పుపట్టి చిల్లులుపడిన అడుగురేకును ఇనుమని యెట్లనుట? నలిగిన కారును చూచి నవ్వువారు దానిలోనుండి దిగి నడచివచ్చినవారిని లెక్కింపరు.

కావున పిల్లలతో ఘాటెక్కవలసివచ్చిన నేను కొత్త బండినే కోరుదును. వెనుకసీటువారును బెల్టు పెట్టుకొనవలెను. ఇక పాత విద్య నేర్చిన మన మెకానిక్కుల సంగతి గలదు. వారు కొత్త యంత్రమును విప్పుటకు జంకుచున్నారు. ఆ విద్యను తెలుగులో తేటగా తెలుపు పుస్తకములను ఈ సంవత్సరమే మన బీరువాలోనికి తెప్పింపవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను.