వెనక సీటు మాట



మా సంఘం మీటింగ్‌లో పొదుపు లెక్కలు అయ్యాక బండి మీద తగవులు బయటికొస్తాయి. "హెల్మెట్ పెట్టుకోండి" అంటాం. "పక్క ఊరికే కదా" అంటారు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నడుపుతుంటే ఆపి మాట్లాడమంటాం. "ఇరవై ఏళ్లనుంచి నడుపుతున్నా, నువ్వు నేర్పుతావా?" అంటారు. అదే మనం స్కూటీ నేర్చుకుంటుంటే మాత్రం రూల్సన్నీ వాళ్లకి గుర్తుకొస్తాయి!

ఇవి చిన్న విషయాలట. ఒక పక్కకి కూర్చుని, ఒళ్లో పిల్లని, చేతిలో సంచిని పట్టుకున్న మనిషికి చిన్నవెలా అవుతాయి? గతుకు వస్తే ఆయనకి హ్యాండిల్ ఉంది. అందుకే వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే పిడి, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పే గార్డు ఉండాలని రూల్ ఉంది. బండి అందం పోతుందని కొందరు ఆ గార్డే పీకించేస్తున్నారు. కొంగు చక్రంలో చుట్టుకుంటే పడేది మనం. హెల్మెట్ కూడా ఇద్దరికీ ఉండాలి. 2019లో సవరించిన చట్టంలో దీనికి జరిమానా 1000 రూపాయలు.

మేము బండి కదిలాక వాదన పెట్టుకోము. ఆయన వెనక్కి తిరిగి జవాబు చెప్పడం ఇంకో ప్రమాదం. ఎక్కకముందే చెబుతాం, వినకపోతే ఆటో ఎక్కుతాం. ఆ ఛార్జీ ఇంటి ఖర్చుల పుస్తకంలో రాస్తాం. అది చూశాకే కొన్ని ఇళ్లలో రెండో హెల్మెట్ వచ్చింది. ఇప్పుడు బండికి అప్పు అడిగిన సభ్యురాలిని రెండు హెల్మెట్ల ధర కూడా కలిపి రాయమంటున్నాం.